చివరి బల్ల మీద ఒక చోటు

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అని పిలవడం మన ప్రాంతంలో పాత అలవాటు. ఊరి నడుమగా పారే కాలువలను చూసి పెట్టిన పేరది. మాకు మాత్రం ఆ కాలువ గట్లమీద నడిచినప్పుడల్లా ఒక పడవ జ్ఞాపకం వస్తుంది. 1935 అక్టోబరులో దుగ్గిరాల దాపున ఉన్న పెదపాలెం సేవాశ్రమ వాణీ మందిరం పక్షాన పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువలో రాకపోకలు సాగించే ప్రయాణికులకు పుస్తకాలు అందించడం దాని పని. పడవ ప్రయాణం నెమ్మదైనది. చేతిలో పుస్తకం ఉంటే గంటలు వృథా పోవు. చదువు రానివారికి పక్కవారు చదివి వినిపిస్తే చాలు. పుస్తకం అడిగినవారిని వయస్సెంత అనిగాని, ఏ తరగతి దాకా చదివారు అనిగాని ప్రశ్నించే అవసరం ఆ పడవలో లేదు.

అటువంటి చోటు నేడు ఎక్కడైనా ఉన్నదా అని చూడడానికే మా జమాఅత్‌కు చెందిన ఇద్దరు పెద్దలతో కలిసి ఈ మధ్య మేము తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు తిరిగి వచ్చాము. వారిలో ఒకరు తపాలా శాఖలో ఉద్యోగ విరమణ చేసినవారు, వయస్సు అరవై ఏడు. రెండవవారు నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి, చూపు తగ్గిన తరువాత దుకాణాన్ని కొడుకుకు అప్పగించిన దర్జీ. ఇద్దరి కోరికా ఒక్కటే. కళాశాలలో పాఠం జరుగుతూ ఉండగా వెనుక బల్ల మీద కూర్చుని వినాలి. పరీక్ష వద్దు, పట్టా వద్దు. తపాలా పెద్దాయనకు చరిత్ర మీద మక్కువ. దర్జీగారి తండ్రి కౌలు రైతు. కాబట్టి ఆయన మనసు నేల మీద, పైరు మీద. తొమ్మిదో ఏట చదువు మాన్పించి ఆయనను దుకాణంలో కూర్చోబెట్టారు. “హజ్రత్, అర్థం కాకపోయినా ఫరవాలేదు. బడిలో కూర్చోవాలని ఉన్నది” అని ఆయన మాతో అన్నారు. ముగ్గురు బిడ్డల పెళ్లిళ్లు చేసి, తనకంటూ ఏదీ అడిగి ఎరుగని మనిషి నోట వచ్చిన మాట అది.

తపాలా పెద్దాయన కుమార్తె అమెరికాలో ఉంటారు. అక్కడ ముసలివారు కళాశాలకు పోయి ఉచితంగా పాఠాలు వింటారని ఆమె ఫోనులో చెప్పిందట. చెప్పింది నిజమే. వర్జీనియా రాష్ట్రంలో 1974లోనే ఇందుకొక చట్టం చేశారు. ఆ రాష్ట్రవాసులలో అరవై ఏళ్లు నిండినవారు, తరగతిలో చోటు మిగిలి ఉంటే, ప్రభుత్వ విద్యాసంస్థలలో రుసుము లేకుండా కూర్చుని వినవచ్చును. రుసుము కట్టిన విద్యార్థికి మొదటి హక్కు. మిగిలిన కుర్చీ వృద్ధునిది. మరికొన్ని రాష్ట్రాలలోనూ ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో 1973లో పెద్దల కోసమే ‘మూడవ వయస్సు విశ్వవిద్యాలయం’ ఆరంభమైనది. బాల్యం మొదటి వయస్సు, సంసారభారం మోసే కాలం రెండవది, ఆ భారం దించుకున్న తరువాతిది మూడవది అని వారి లెక్క. ఆ పేరు తరువాత చాలా దేశాలకు పాకింది.

అయితే కేవలం వినడానికి వచ్చి కూర్చోవడమనే పద్ధతిని మనం పరాయివారి నుండి అరువు తెచ్చుకోనక్కరలేదు. మస్జిద్‌లో ఒక స్తంభానికి ఆనుకుని గురువు కూర్చుంటే ఆయన చుట్టూ హల్ఖా ఏర్పడేది. ఆ వలయానికి తలుపు లేదు. హదీసు విద్యలో గురుముఖతః వినడాన్ని ‘సమాఅ’ అంటారు. అదొక గౌరవప్రదమైన విద్యామార్గం. చదివినవానికి ఎంత ఇజాజత్ ఉన్నదో, శ్రద్ధగా విన్నవానికీ అంత ఉన్నది. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో డమాస్కస్ నగరంలో గ్రంథాలను బహిరంగంగా చదివి వినిపించినప్పుడు, వచ్చినవారి పేర్లన్నీ ఆ గ్రంథం ప్రతిమీదనే రాసిపెట్టేవారు. పండితుల పేర్ల పక్కనే వర్తకుల పేర్లు, చేతివృత్తులవారి పేర్లు, స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు ఆ పత్రాలలో నేటికీ కనిపిస్తాయి. ఎవరు ఏ భాగానికి రాలేకపోయారో కూడా గుర్తు పెట్టేవారు. శ్రోతలు ఎక్కువైతే గురువు మాటను వెనుకవారికి వినిపించేలా బిగ్గరగా తిరిగి పలికే వ్యక్తి ఒకరు ఉండేవారు. ఆయనను ‘ముస్తమ్లీ’ అనేవారు. చెవి మందగించిన పెద్దలకు అంతకన్న ఏమి కావాలి!

తెనాలిలో మేము వెళ్లిన కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ప్రిన్సిపాల్‌గారు లేచి నిలబడి సలాము చేశారు, కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. విషయం విని కొంతసేపు మౌనంగా ఉన్నారు. “సాయిబుగారూ, మీవంటి పెద్దలు వచ్చి కూర్చుంటే మా పిల్లలకే మంచిది. కాని మిమ్మల్ని ఏ రిజిస్టరులో రాయమంటారు?” అని అడిగారు. ఆయన అడిగినదానిలో న్యాయం లేకపోలేదు. ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఉంటుంది, హాజరు ఉంటుంది. ఏ నంబరూ లేని మనిషి తరగతి గదిలో కనిపిస్తే తనిఖీకి వచ్చినవారు ప్రశ్నిస్తారు. ఆడపిల్లలు చదివే చోట బయటివారిని ఊరికే రానిస్తారా అని తల్లిదండ్రులు అడుగుతారు. తిరిగి వస్తూ వరండాలో నుండి చూస్తే చరిత్ర తరగతిలో పదిమందికి మించి లేరు. వెనుక మూడు వరుసల బల్లలు ఖాళీగా ఉన్నాయి. తపాలా పెద్దాయన కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగారు. లోపల పల్నాటి యుద్ధం గురించి చెబుతున్నారు. ఆయన చెప్పుల శబ్దం కాకుండా నిలబడి విన్నారు.

ఆ నిమిషం మమ్మల్ని చాలాసేపు వదలలేదు. ఇక్కడ అడ్డుపడినది మనిషి కాదు, ఒక కాగితం లేకపోవడం. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలకు పెద్ద దిక్కు నంబూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. దానిని 1976 సెప్టెంబరు 11న ప్రారంభించినవారు నాటి రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ గారని మన పిల్లలలో ఎందరికి తెలుసునో! అటువంటి విశ్వవిద్యాలయం నుండి ఒక్క పుట ఉత్తర్వు వస్తే ప్రిన్సిపాల్‌గారి రిజిస్టరు చిక్కు తీరిపోతుంది. అరవై నిండినవారికి ‘శ్రోత’ అని ఒక గుర్తింపు కార్డు, కళాశాలకు ఇంతమంది అని ఒక పరిమితి, ప్రవర్తన గురించి ఒక హామీపత్రం. ఖర్చు కార్డు ముద్రణకు తప్ప మరి దేనికీ ఉండదు.

బాపట్ల రైలులో కూర్చున్న తరువాత ఎదుటి సీటులోని యువకుడు మా సంభాషణ విని, ఇంత శ్రమ ఎందుకు, ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అన్నాడు. అతని మాటలోనూ సత్యమున్నది. కేంద్రప్రభుత్వం 2017 జూలైలో ప్రారంభించిన ‘స్వయం’ అనే వేదికలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల పాఠాలను ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి ధ్రువపత్రం పొందాలంటేనే రుసుము. హైదరాబాదులో 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, మన దేశంలో ఆ తరహాలో మొట్టమొదటిది. బడి ముఖం చూడనివారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ చదివించిన ఘనత దానిది. కాని అక్కడ గమ్యం పట్టా. మా పెద్దలు అడిగేది పట్టా కాదు. ఇక ఫోను సంగతి: ‘స్వయం’ పాఠాలలో అధికభాగం ఇంగ్లీషులో ఉంటాయి. పైగా పాఠం వినడమంటే చెవికి మాటలు సోకడం ఒక్కటే కాదు. గురువు ముఖం చూడాలి, పక్కన మరొకరు నిట్టూర్చాలి, ఎవరో అడిగిన ప్రశ్నకు మనకు జవాబు దొరకాలి. దర్జీగారు ఆ యువకుని భుజం తట్టి, “బాబూ, ఇంట్లో ఒక్కడినే కూర్చుని ఫోను చూసి చూసి విసుగెత్తే బయలుదేరాను” అన్నారు.

రైలు నిడుబ్రోలు స్టేషనులో ఆగింది. 1930లలో ఎన్.జి. రంగా గారు తమ స్వగ్రామమైన ఇక్కడే రైతాంగ విద్యాలయం నడిపారు. నాగలి పట్టిన చేతులు ఇక్కడ అర్థశాస్త్రం, రాజకీయం నేర్చాయి. పిల్లల బడి కాదది, పెద్దల బడి. రైలు ఆగినంతసేపూ తపాలా పెద్దాయన ఆ సంగతులే చెప్పుకొచ్చారు.

బాపట్ల అనగానే చాలామందికి 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరుగా గుర్తు. దర్జీగారికి మాత్రం అది వ్యవసాయ కళాశాల ఊరు. 1945లో స్థాపించిన ఆ కళాశాల ప్రహరీ వెంట మేము మెల్లగా నడిచాము. ఊరి బయట పొలం గట్టు మీద పది పదిహేనుమంది రైతులు గుమిగూడి ఉండగా ఒక వ్యవసాయ అధికారిణి వారికి వరి దుబ్బు పీకి చూపిస్తూ ఏదో వివరిస్తున్నది. పొలంబడి అన్నారు. పైరు కాలంలో వారం వారం రైతులు పొలంలోనే కూడి, పురుగును, తెగులును, మిత్రపురుగును కళ్లతో చూసి నేర్చుకునే బడి ఇది. రుసుము లేదు, వయస్సు నిబంధన లేదు, హాల్ టికెట్ లేదు. మేము ఆగడం చూసి ఆ అమ్మాయి, “రండి తాతగారూ, కూర్చోండి” అన్నది. దర్జీగారు తువ్వాలు పరుచుకుని గట్టు మీద కూర్చున్నారు. ముందురోజంతా తిరిగినా దొరకని చోటు అక్కడ ఒక్క పలకరింపుతో దొరికింది.

ఆమె ఎండాకు తెగులు గురించి చెబుతున్నది. మనం సాంబ మసూరి అని వండుకు తినే బియ్యానికి మరొక పేరు బీపీటీ 5204. బాపట్లలోని పరిశోధనా కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన వంగడం. అన్నం రుచిగా ఉంటుంది గాని ఈ తెగులుకు తొందరగా లొంగుతుంది. దానిని తట్టుకునేలా తీర్చిన రకం 2008లో వచ్చింది. దర్జీగారు చెయ్యి ఎత్తి, బీపీటీ అంటే ఏమిటమ్మా అని అడిగారు. బాపట్ల పేరులోని ఇంగ్లీషు అక్షరాలే అని ఆమె చెప్పగా ఆయన ముఖం చూడవలసినదే! “ఇన్నేళ్లు బస్తాల మీద ఆ అక్షరాలు చూస్తూనే ఉన్నాను, మన ఊరి పేరేనా” అని అక్కడి రైతులందరికీ వినబడేలా అన్నారు. వారు నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ తరువాత మరో మూడు ప్రశ్నలు అడిగారు. మూడవది అధికారిణిని కొంత ఆలోచింపజేసింది.

వ్యవసాయ శాఖకు సాధ్యమైనది చరిత్ర శాఖకు ఎందుకు సాధ్యం కాదు? పైరు విషయంలో రైతు నేర్చుకుంటే దిగుబడి పెరుగుతుందని ప్రభుత్వానికి తెలుసు. పోస్టుమాస్టరు చరిత్ర నేర్చుకుంటే ఏమి పెరుగుతుందో ఏ పట్టికలోనూ రాయలేము, అంతే తేడా. కాని విన్న పాఠం ఎక్కడికి దారితీస్తుందో ముందుగా ఎవరికి తెలుసు? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు అక్కడ విన్న పాఠంతోనే సారా దుకాణాల మీదికి నడిచారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. మద్యం ఇళ్లను ఎలా కూల్చుతుందో ఖుత్బాలలో చెప్పే మాకు ఆ తరగతి గది విలువ బాగా తెలుసు.

బాపట్ల నుండి రేపల్లెకు జాతీయ రహదారి మీదుగా, కర్లపాలెం, చెరుకుపల్లి దాటి బస్సులో వెళ్లాము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రేపల్లె దాటితే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు ఎంతో దూరం లేదు. నీరూ నీరూ కలిసే తావుల గురించి తలచుకున్నప్పుడు కహఫ్ సూరాలోని హజ్రత్ మూసా (అ) ప్రయాణం మా మనసులో మెదలక తప్పదు. అప్పటికే ప్రవక్త, ఒక జాతికి నాయకుడు. అయినా తనకు తెలియనిది తెలిసిన ఒక దాసుడు ఉన్నాడని విని, రెండు సముద్రాల కూడలి దాకా నడవడానికి సిద్ధపడ్డారు. దొరికిన గురువు పెట్టిన షరతు ఏమిటి? నేను చెప్పేదాకా ప్రశ్నించవద్దు, కూడా ఉండి చూడు అని. దర్జీగారు ఇది విని, “అయితే ఆయన కూడా వెనుక బల్ల మీద కూర్చున్నట్టే కదా హజ్రత్” అన్నారు. ఆ ఉపమానం తఫ్సీరు గ్రంథాలలో లేదుగాని, మేము కాదనలేదు.

రేపల్లెలోనూ చుట్టుపక్కల పల్లెలలోనూ మన నూర్‌బాషా కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట మాట తెలుగు, నమాజు అరబ్బీ. ఈ రెంటికీ నడుమ ఒక తరం మొత్తం అర్థం తెలియకుండానే ముసలిదైపోయింది. మస్జిద్ పక్క ఇంట్లో మేము భోజనానికి ఆగినప్పుడు ఆ ఇంటి జేజి తెర వెనుక నుండి అడిగిన ప్రశ్న ఇది: “యాభై ఏళ్లుగా అత్తహియ్యాతు చదువుతున్నాను. దాని అర్థం నా మనవడికి తెలుసు. వాడిని అడగడానికి నాకు సిగ్గు. నాకు చెప్పేవారెవరు?” దర్జీగారు బడి కోసం, తపాలా పెద్దాయన చరిత్ర కోసం తిరుగుతున్నట్టే ఆమె తన నమాజు కోసం అడుగుతున్నది. మదరసాల వేళలన్నీ పిల్లల వేళలే. పెద్దలు వస్తే ఏ వరుసలో కూర్చోవాలి, మనవళ్ల మధ్యనా?

ఈ సిగ్గు గురించి సహీహ్ బుఖారీ విద్యాధ్యాయంలో ఒక సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) మస్జిద్‌లో కూర్చుని బోధిస్తూ ఉండగా ముగ్గురు వచ్చారు. ఒకరు వలయంలో సందు చూసుకుని కూర్చున్నారు. ఒకరు సిగ్గుపడి అందరి వెనుక కూర్చున్నారు. మూడవవారు వెనుదిరిగి వెళ్లిపోయారు. వెనుక కూర్చున్నవాని సిగ్గును అల్లాహ్ కూడా మన్నించాడనే భావం ఆ హదీసులో ఉన్నది. ముఖం తిప్పుకుని పోయినవాని నుండి అల్లాహ్ కూడా ముఖం తిప్పుకున్నాడని ఉన్నది. వెనుక కూర్చోవడం చిన్నతనం కాదని జేజికి ఇంతకన్న వివరంగా చెప్పనక్కరలేదు. అదే అధ్యాయంలో స్త్రీలు తమకొక రోజు కేటాయించమని కోరగా దైవప్రవక్త (స) ఒక రోజు ఇచ్చిన ఉదంతం ఉన్నది. ప్రవక్త సహచరులు పెద్ద వయస్సులో నేర్చుకున్నవారే అని ఇమామ్ బుఖారీ ప్రత్యేకంగా గుర్తు చేశారు. బాగ్దాదుకు చెందిన ఇబ్నుల్ జౌజీ అంతటి పండితుడు ఎనభై ఏళ్ల వయస్సులో, వాసిత్ పట్టణంలో, పది ఖిరాఅత్‌లను ఒక గురువు ముందు కూర్చుని చదివారు. పక్కన కూర్చుని అదే పాఠం చదివినది ఆయన కుమారుడు యూసుఫ్. తండ్రీ కొడుకులు ఒకే చాప మీద! మనవడిని అడగడానికి సిగ్గుపడే ఇళ్లలో ఈ ఒక్క విషయం చెప్పినా చాలు.

అస్ర్ తరువాత మస్జిద్ కమిటీవారితో మాట్లాడాము. పెద్దగా వాదన జరగలేదు. మదరసా గది జుహ్ర్ నుండి అస్ర్ దాకా ఖాళీగా ఉంటుంది. గురువారాలు పురుషులకు, ఆదివారాలు తెర ఏర్పాటుతో స్త్రీలకు అని నిర్ణయించారు. నమాజు అర్థాలు ఇమాముగారు చెబుతారు, తెలుగులో. ఊరిలోనే ఉన్న ఒక విశ్రాంత అధ్యాపకుడు, ముస్లిమేతరుడు, గురువారం ఒక గంట చరిత్ర చెప్పడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. జీతం ప్రసక్తి తెస్తే కోప్పడ్డారు. నిల్చుని చెబుతాను, నల్లబల్ల మాత్రం కావాలి అన్నారు. వచ్చినవారి పేర్లు రాయడానికి ఒక నోటు పుస్తకం కొన్నాము. మార్కుల కోసం కాదు. డమాస్కస్‌లో రాసినట్టు, విన్నవారి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కనుక.

మొదటి గురువారానికి మేము మళ్లీ వెళ్లాము. పదకొండుమంది వచ్చారు. చాప మీద కూర్చుంటే మోకాళ్లు లేవవు. కుర్చీలు ఆరే ఉన్నాయి. మిగిలినవి షాదీఖానా నుండి తెచ్చారు. అధ్యాపకులుగారు మొదటి పాఠానికి రేపల్లె–తెనాలి రైలు దారిలోనే ఉన్న భట్టిప్రోలును ఎంచుకున్నారు. రోజూ ఆ స్టేషను దాటే మనలో ఎందరు అక్కడ దిగి చూశారు! 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అక్కడి బౌద్ధ స్తూపంలో తవ్వగా రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు దక్షిణ భారతంలో దొరికిన అతి ప్రాచీనమైన రాతలలో లెక్కకు వస్తాయి. కుబీరకుడు అనే రాజు పేరు వాటిలో ఉన్నది. అధ్యాపకులుగారు ఆ అక్షరాలలో కొన్నింటిని నల్లబల్ల మీద గీసి, వాటి పక్కన నేటి తెలుగు అక్షరాలు రాశారు. తపాలా పెద్దాయన వాటిని తన డైరీలో ఎక్కించుకున్నారు. పక్కనున్న ఒక వృద్ధునికి వినబడక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంటే, దర్జీగారు ప్రతి వాక్యాన్నీ ఆయనకు బిగ్గరగా తిరిగి చెప్పసాగారు. అధ్యాపకులుగారు ఆగి, ఆయన చెప్పడం ముగిసిన తరువాతే తరువాతి వాక్యానికి వెళ్లారు.

తెనాలి కళాశాలకు ఇద్దరు పెద్దల పేరిట ఇచ్చిన దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరం నకలు మా దగ్గర ఉన్నది. తమ ఊరి కళాశాలలో ఇదే ప్రయత్నం చేయదలచినవారు పత్రిక చిరునామాకు రాస్తే పంపగలము.